కొడవలి దెబ్బ

ఇంట్లో మనవలకి తాత, మైదానంలో అందరికీ మాస్టారు. తాత పని పెద్దవాళ్ళకి గోల్ఫ్ నేర్పడం. పెద్దవాళ్ళంటే వయసులో కొందరు, పదవిలో కొందరు, పొట్టలో దాదాపు అందరూ. పచ్చిక మీద నిలబడి, అల్లంత దూరాన ఉన్న గుంటలోకి చిన్న బంతిని కర్రతో పంపించడానికి మనుషులకి ఒక మాస్టారు కూడా కావాలా అని పెళ్ళయిన కొత్తలో అమ్మమ్మ అడిగిందట. తాత ఆ రోజు మొదలుపెట్టిన జవాబు ఇంకా పూర్తి కాలేదు. భోజనం దగ్గర ఇప్పటికీ చెబుతూనే ఉంటాడు, అమ్మమ్మ ఇప్పటికీ వడ్డిస్తూనే ఉంటుంది. వినడం మాత్రం ఎప్పుడో మానేసింది.

మైదానం ఊరి చివర, బస్సుల డిపో వెనక ఉంది. అందులో తాత రాజ్యం ప్రాక్టీసు చేసే చోటు ఒక్కటే. రేకుల కప్పు కింద పరిచిన రబ్బరు పట్టాలు, ఎదురుగా దూరాలు రాసిన చెక్క పలకలు, పక్కన సామాన్ల గది. ఆ గదిలో బంతుల బుట్టలు, తడి తువ్వాళ్ళు, పిడి ఊడిన కర్రలు ఉంటాయి. వాన పడితే గదంతా తడిసిన బూట్ల వాసన కొడుతుంది. తాత అందులోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసుకుని, ఊపిరి పీల్చి, ఎంత హాయిగా ఉందో అనగల మనిషి.

తాత పాఠంలో మొదట కొన్నాళ్ళు బంతి ఉండదు. కొత్తగా వచ్చినవాళ్ళకి ఇది పెద్ద అవమానం. మెరిసే బూట్లు, కొత్త టోపీ, కొత్త కర్రల సంచి కొనుక్కుని వస్తారు. తాత వాళ్ళ చేతికి పాత కర్ర ఒకటి ఇచ్చి, గాలిని కొట్టమంటాడు. బంతి కనబడితే మనిషి దాన్నే చూస్తాడు, తన ఒంటిని మరిచిపోతాడు అని ఆయన సిద్ధాంతం. పిడి ఎలా పట్టుకోవాలని అడిగితే, నిద్రపోయిన పసిపిల్ల గుప్పిట్లోంచి మన వేలు తీసుకునేటప్పుడు ఎంత మెత్తగా ఉంటామో అంత మెత్తగా అంటాడు. పిల్లల్ని ఎప్పుడూ ఎత్తుకోని మగవాళ్ళు దానికి తెల్లమొహం వేస్తారు. అప్పుడు తాత వాళ్ళ చంకల్లో తువ్వాలు ఇరికించి, అది కింద పడకుండా కర్ర ఊపమంటాడు. పడితే మళ్ళీ మొదటికి. పెద్ద పెద్ద ఆఫీసర్లు చంకలో తువ్వాలుతో, కోపాన్ని దిగమింగుకుంటూ గాలిని కొడుతుంటే చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు.

ఇంకొక నియమం ఉంది. ఒక మనిషికి ఒక రోజు ఒక్క తప్పే చెప్పాలి. రెండోది ఎంత కొట్టొచ్చినట్టు కనబడినా, నాలుక కొరుక్కుని మర్నాటికి దాచుకోవాలి. ఈ నియమం పాటించడం తాతకి ప్రాణసంకటం. చేతులు వెనక్కి కట్టుకుని, శిష్యుడి మడమల వైపు చూస్తూ అటూ ఇటూ తిరుగుతాడు. చెప్పకుండా మింగిన మాటలన్నీ ఇంటికి తెచ్చి, అన్నంలో కలుపుకుని తింటాడని అమ్మమ్మ అంటుంది.

శిష్యుల్లో అందరికంటే పాతవాడు పళ్ళ డాక్టరు. ఏళ్ళ తరబడి వస్తున్నాడు. వచ్చిన రోజు ఎలా కొట్టాడో ఇప్పటికీ అలాగే కొడతాడు. తాత చెప్పిందానికల్లా తల ఊపి, తన ఇష్టం వచ్చినట్టు కర్ర ఊపి, నవ్వుకుంటూ ఇంటికి పోతాడు. ఆయన నోళ్ళు చూసే మనిషి కదా, ఎదుటివాడి నోటి నుంచి వచ్చే మాటలు పట్టించుకోకపోవడం అలవాటైపోయిందని తాత విసుక్కునేవాడు. తర్వాత జరిగింది చూస్తే, ఆ శిష్యులందరిలోకీ అదృష్టవంతుడు ఆయనే.

తాతకి పేరు తెచ్చింది వరస. ఇలాంటిది ఇంకే మైదానంలోనూ లేదు. ఏటా ఆటల కాలం ముగిసే రోజు, సభ్యులూ అతిథులూ కుర్చీల్లో కూర్చుంటారు. తాత శిష్యులందరూ పచ్చిక మీద బారుగా నిలబడతారు. తాత ఇస్త్రీ చేసిన తెల్ల టోపీ పెట్టుకుని ఒక పక్కన నిలబడి చప్పట్లు కొడతాడు. ఒకసారి కొడితే కర్రలన్నీ కలిసి పైకి లేస్తాయి. ఇంకోసారి కొడితే కలిసి దిగుతాయి. ఒకే శబ్దం. బంతులు పిట్టల గుంపులా లేస్తాయి. ఎవరి బంతి ఎక్కడ పడిందో ఆ రోజు ఎవరూ అడగరు. ఒకే దర్జీ కుట్టిన చొక్కాల్లాగా అందరి ఊపూ ఒకే కొలతలో ఉంటే చాలు, చూసినవాళ్ళు మాస్టారి చెయ్యి అంటే మాస్టారి చెయ్యే అని మెచ్చుకుంటారు. పళ్ళ డాక్టర్ని మాత్రం తాత ఆ రోజు బంతులు అందించే పనికి పెట్టేవాడు.

ఆ వరసలోకి గడ్డి మిషను నడిపే ఆయన కూతురు వచ్చింది.

ఆయన మైదానంలో గడ్డి కోసే బండి నడుపుతాడు. బండి పోలేని చోట్ల, చెట్ల మొదళ్ళ దగ్గరా కాలవ గట్ల మీదా, కొడవలి పట్టుకుని కోస్తాడు. చిన్నప్పటి నుంచి సెలవు రోజుల్లో కూతురు కూడా పక్కన కూర్చుని కోసేది. దానికి పదిహేనేళ్ళు వచ్చేసరికి, పారేసిన కర్ర ఒకటి దొరికితే, గట్టు వెనక తనంతట తానే బంతుల్ని కొట్టడం మొదలుపెట్టింది. కొట్టడం అంటే కోయడమే. ఎడమ భుజం కిందికి వాల్చి, కర్రని పక్క నుంచి చుట్టూ తిప్పి తెచ్చి, ఆఖరి క్షణంలో మణికట్టు మడిచి గడ్డి పరకని తెగ్గోసినట్టు ఒక్క కోత. సభ్యులు ఆ దెబ్బకి కొడవలి అని పేరు పెట్టారు. పిల్ల పట్టించుకోలేదు. ఆ పిల్లకి నోట్లో నాలుక లేదు, ఉన్నదంతా చేతుల్లోనే ఉంది.

ఆ కోతకి బంతి ఎడమగా లేచి, గాలిలో మెల్లగా కుడికి వంగి, అనుకున్న చోట పడేది. ప్రతిసారీ అదే వంపు. వంకరే గానీ ఏ రోజూ మారని వంకర. చిన్న చిన్న పోటీల్లో అందమైన ఊపున్న పిల్లలందరినీ ఈ వంకరతోనే చిత్తు చేసి, కప్పులు తండ్రి అన్నం డబ్బా సంచిలో వేసుకుని ఇంటికి పోయేది. తాత దాన్ని చేరదీశాడు. రేకుల కప్పు కింద చివరి పట్టా దానికిచ్చాడు. తనకి ఇలాంటి శిష్యురాలు దొరకలేదని, ఇక దొరకదని అమ్మమ్మతో చెప్పాడు. ఒక ఏడాది దాన్ని ఏమీ అనలేదు. బుద్ధిగా చూస్తూ ఊరుకున్నాడు. అక్కడే ఆగి ఉంటే ఈ కథ చెప్పుకోవాల్సిన పని లేదు.

ఆ ఏడాది వరసలో దాన్ని కూడా నిలబెట్టాడు. చప్పట్లు మోగాయి. కర్రలన్నీ నిటారుగా లేచాయి, ఒక్కటి పక్కకి పోయింది. అన్నీ కలిసి దిగాయి, ఒక్కటి ఆలస్యంగా దిగింది. శబ్దం రెండుగా చీలింది. అతిథుల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. మైదానం సెక్రటరీ సిగరెట్టు బూడిద రాలుస్తూ తాత దగ్గరికొచ్చి అన్నాడు.

"మాస్టారూ, మీ దువ్వెనలో ఒక పన్ను విరిగిందే."

అంతే, అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. తాత కూడా నవ్వేశాడు. ఇంటికొచ్చాక అన్నం సరిగా తినలేదు. టోపీ తీసి మేకుకి తగిలిస్తూ, ఆ పిల్లని సరిచేయాలి అన్నాడు. బంతి పోవాల్సిన చోటికే పోతోంది కదా అంది అమ్మమ్మ. ఇప్పుడు పోతుంది, పెద్ద ఆటలో ఈ ఊపు నిలబడదు అన్నాడు తాత. అది నిజమే అయి ఉండొచ్చు. అలా నిలబడని ఊపులు తాత చాలా చూశాడు. కానీ ఆ రోజు తాత మాటల వెనక దువ్వెన పన్ను ఉందన్న సంగతి ఆయనకీ తెలుసు, అమ్మమ్మకీ తెలుసు.

ఆటలు లేని కాలమంతా తాత ఆ పిల్ల ఊపు మీదే కూర్చున్నాడు. తప్పు తియ్యాలంటే ముందు దాన్ని పూర్తిగా తెలుసుకోవాలి కదా. దాని కొడవలి దెబ్బని ముక్కముక్కలుగా విప్పి చూశాడు. భుజం ఎప్పుడు వాలుతుంది, బరువు ఏ కాలి మీదకి పోతుంది, మణికట్టు ఏ క్షణాన మడుస్తుంది. చూసి ఒక్కొక్కటీ తీసేశాడు. ఇంట్లో బట్టల బీరువా అద్దం తలుపు ఊడదీసి, సామాన్ల గది గోడకి ఆనించి, దాని ముందు పిల్లని నిలబెట్టాడు. బీరువాకి తలుపు లేక అమ్మమ్మ చీరలన్నీ దుమ్ము కొట్టుకుపోయాయి. ఆ పిల్ల పెళ్ళికి పెట్టాల్సిన అద్దం ముందే పెట్టేశారా అని ఆవిడ దెప్పింది.

రోజుకి ఒక్క మాట. నిన్నటి మాట కుదిరాక ఇవాళ్టి మాట. ఆ పిల్ల తాత చెప్పింది చెప్పినట్టు చేసింది. చంకలో తువ్వాలు పడలేదు. మడమ కదల్లేదు. అంత శ్రద్ధగా విన్న శిష్యులు తాతకి అంతకు ముందు లేరు. పాత కోత మధ్యలో ఎప్పుడైనా తొంగిచూస్తే, దాన్ని మరిచిపో అమ్మాయ్, అసలు నీకు అది రానే రాదనుకో అనేవాడు. సరే మాస్టారూ అనేది. వానలు తగ్గేసరికి కొడవలి పోయింది. దాని చోట పొడుగ్గా, తీరుగా, నెమ్మదిగా తిరిగే ఒక ఊపు వచ్చింది. ఆ ఏడు ఆటలు మొదలయ్యే ముందే సెక్రటరీ ఒక వరస పెట్టించాడు, అందులో తాత శిష్యులందరిలోకీ అందంగా కర్ర తిప్పింది ఆ పిల్లే. శబ్దం ఒక్కటే వచ్చింది. సెక్రటరీ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. తాత ఆ రోజు రెండుసార్లు అన్నం పెట్టించుకుని, గురక పెట్టి నిద్రపోయాడు.

తర్వాత పోటీలు మొదలయ్యాయి.

మొదటిదాంట్లో బంతి కుడి వైపు పొదల్లోకి పోయింది. కొత్త ఊపు కదా, కుదురుకుంటుంది అన్నాడు తాత. రెండోదాంట్లో ఎడమకి పోయింది. మూడోదాంట్లో ఒకటి అటు, ఒకటి ఇటు. చూసేవాళ్ళు ఊపు చూసి ఆహా అనేవాళ్ళు, బంతి చూసి ఊరుకునేవాళ్ళు. ఒకప్పుడు దాని చేతిలో ఓడిన పిల్లలు ఇప్పుడు దాని పక్కన నిలబడి జాలిగా మంచినీళ్ళు ఇచ్చేవాళ్ళు. తాత ఇంట్లో ఆట సంగతి ఎత్తడం మానేశాడు. భోజనాల దగ్గర ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదని అమ్మమ్మ మొదట సంతోషించింది, తర్వాత భయపడింది.

ఒక రోజు పొద్దున గడ్డి మిషనాయన బండి ఆపి, టోపీ చేత్తో పట్టుకుని తాత దగ్గరికొచ్చాడు. ఆయన గొంతులో కోపం లేదు. నిజంగా తెలియకే అడిగాడు.

"మా పిల్ల ఇప్పుడు చాలా బాగా కొడుతోంది కదండీ మాస్టారూ. మరి బంతి ఎందుకు పోవట్లేదండీ?"

తాత ఏదో చెప్పాడు. ఆయన బుర్ర ఊపి వెళ్ళిపోయాడు. ఏం చెప్పాడో తాతకే గుర్తు లేదట. ఆటల కాలం నడుమనే ఎంపిక పోటీ ఉంది. అందులో ముందు నిలిచిన ఆడపిల్లల్ని రాష్ట్రం జట్టులోకి తీసుకుని, వసతిచ్చి, శిక్షణ ఇప్పించి, తర్వాత ఉద్యోగం కూడా చూపిస్తారు. ఈ ఏడాదితో ఆ పిల్లకి వయసు దాటిపోతుంది. జట్టులోకి రాకపోతే దాని అక్క పనిచేసే తువ్వాళ్ళ ఫ్యాక్టరీలో మడతలు పెట్టే పని. తల్లి అప్పటికే అక్కడ సూపర్‌వైజరుతో మాట్లాడి ఉంచింది.

ఆ సాయంత్రం తాత చేతులు వెనక్కి కట్టుకుని, ఈసారి మడమలు చూడకుండా ఆ పిల్ల మొహం చూశాడు. కర్ర ఎత్తే ముందు దాని పెదాలు కదులుతున్నాయి. దగ్గరికెళ్ళి చెవి ఒగ్గాడు. భుజం, మోచెయ్యి, నడుము, మడమ, మెత్తగా, మెత్తగా అనుకుంటోంది. అన్నీ తాత మాటలే. రోజుకొక్కటిగా ఇచ్చిన మాటలన్నీ పోగుపడి, ఇప్పుడు ప్రతి దెబ్బకీ ముందు అన్నీ కలిసి వరస కడుతున్నాయి. వాటన్నిటి మధ్య నుంచి దారి చేసుకుని బంతి దగ్గరికి చేరేసరికి దాని చేతులు అలిసిపోతున్నాయి.

నీ పాత దెబ్బ కొట్టు అన్నాడు తాత. అది కర్ర ఎత్తింది, దించింది. మళ్ళీ ఎత్తింది. ఆఖరికి కర్ర నేలకి ఆనించి అంది.

"గుర్తు లేదు మాస్టారూ. మీరే కదా మర్చిపొమ్మన్నారు."

ఎత్తిపొడుపు కాదది. చెప్పిన పని చేశానని చెప్పుకోవడమే. చెయ్యి ఎక్కడుండేదో, భుజం ఎంత వాలేదో మీరే చెప్పండి అంది. ఆ సంగతి తాతకి నిజంగానే తెలుసు. పెరికి పారెయ్యడానికి ఆయన ఆ దెబ్బని వేళ్ళతో సహా చదివాడు. ఈ లోకంలో కొడవలి దెబ్బ ఇంకా ఎక్కడైనా మిగిలి ఉందంటే అది తాత బుర్రలోనే. అయితే మాటల్లో చెబితే, పాత మాటల గుట్ట మీద ఇంకో గుట్ట. చూపించాలి. చూపించాలంటే ముందు తాతకి రావాలి.

అలా ఆ వయసులో తాత శిష్యుడయ్యాడు. మేడ మీద, బట్టలారేసే తీగల మధ్య, పొద్దున్నే కర్ర పట్టుకుని నిలబడేవాడు. జీవితమంతా నిటారుగా తిప్పిన నడుం ఇప్పుడు వంకరగా తిరగమంటే మొరాయించేది. భుజం వాలిస్తే మడమ లేచేది. మడమ ఆపితే మణికట్టు మడవడం మరిచిపోయేవాడు. ఒకసారి తీగ తెగి తడి దుప్పటి నెత్తిన పడింది. ఆ దుప్పటి లోపల నుంచి కూడా కర్ర ఊపుతున్నాడు. మీ శిష్యులకి తువ్వాలు చాలు, మీకు దుప్పటి కావాల్సొచ్చిందా అని అమ్మమ్మ మెట్ల మీద నిలబడి అడిగింది. నడుంకి మందుల షాపు పట్టీలు అంటించింది కూడా ఆవిడే. రోజూ పట్టీ పీకుతున్నప్పుడు తాత అరవకుండా పళ్ళు బిగించేవాడు. ఎంత మొండిఘటమో అనుకుంటూ ఆవిడ ఇంకాస్త గట్టిగా పీకేది.

చివరికి వచ్చింది. ఎలా వచ్చిందో తాతకి తెలియదు. ఒక పొద్దున ఒళ్ళు దానంతటది పక్కకి వాలింది, కర్ర చుట్టూ తిరిగొచ్చింది, గాలి తెగిన చప్పుడు అచ్చం ఆ పిల్ల కొట్టినప్పటిదే. తాత కర్ర పట్టుకునే మెట్లు దిగి, అన్నం కూడా తినకుండా బస్సెక్కి మైదానానికి పోయాడు.

పిల్లని నిలబెట్టి, చూడమని చెప్పి, బంతి పెట్టి కొట్టాడు. ఎడమగా లేచి, కుడికి వంగి, పలక పక్కన పడింది. ఆ పిల్ల చాలా కాలానికి నవ్వింది. నోరు మూసుకుని, కడుపు పట్టుకుని నవ్వింది. పొట్టి మనిషి, ముసలి మనిషి, నడుంకి పట్టీ, గడ్డి కోస్తున్నట్టు వంగి కొట్టడం చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. తాత కూడా నవ్వాడు. ఇంకోటి కొట్టాడు. ఈసారి దాని నవ్వు ఆగిపోయింది.

"నేను ఇంత అసహ్యంగా కొట్టేదాన్నా?"

బంతిని చూడమ్మా, నన్ను కాదు అన్నాడు తాత. కానీ ఆ పిల్ల బంతిని చూడలేదు. గోడకి ఆనించిన అద్దం వైపు చూస్తోంది. ఇన్నాళ్ళూ దానికి తన దెబ్బ ఎలా ఉంటుందో తెలియదు, బంతి ఎక్కడ పడిందో మాత్రమే తెలుసు. అందం అంటే ఏమిటో తాతే నేర్పాడు. నేర్పిన తర్వాత అందం లేనిదాన్ని తీసుకొచ్చి, ఇది నువ్వే అని ఎదురుగా నిలబెట్టాడు. ఆ తప్పు అప్పుడే తెలిసింది తాతకి. అయినా ఎంపిక పోటీ దగ్గరికొచ్చేసింది, వేరే దారి లేదు. మళ్ళీ కొట్టి చూపించాడు. అది మళ్ళీ అనుకరించింది. బుట్టెడు బంతుల్లో కొన్ని ఎడమగా లేచి కుడికి వంగాయి. మిగతావి ఎటు పోవాలో తేల్చుకోలేనట్టు పోయాయి.

పోటీ రోజు పిల్లతో పాటు తాతా, గడ్డి మిషనాయనా రెండు బస్సులు మారి వెళ్ళారు. ఆయన పెళ్ళిళ్ళకి తొడుక్కునే చొక్కా వేసుకున్నాడు. ఆ మైదానంలో అడుగుపెట్టింది మొదలు, గడ్డి మరీ పొట్టిగా కోశారని మెల్లగా అంటూనే ఉన్నాడు. ఆట మొదలయ్యాక నేర్పినవాళ్ళు ఆటగాళ్ళకి సలహా ఇవ్వకూడదు, సైగ కూడా చెయ్యకూడదు. తాడు ఇవతల నిలబడి చూడొచ్చు. తాత ఎందుకైనా మంచిదని చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

పిల్ల మొదట కొడవలితోనే కొట్టింది. పూర్తిగా పాతది కాదు గానీ, దాని తోబుట్టువు లాంటిది. బంతి వంగి వెళ్ళి పడాల్సిన చోట పడింది. రెండోదీ అంతే. నాలుగు గుంటలు అయ్యేసరికి దాని పేరు స్కోర్ల పలక మీద పైకి వచ్చింది. గడ్డి మిషనాయన తాత చొక్కా చేతిని పట్టుకున్నాడు.

అయిదో గుంట దగ్గర జనం ఎక్కువ. ఎంపిక చేసేవాళ్ళు గొడుగు కింద కుర్చీల్లో కూర్చున్నారు. పిల్ల భుజం వాల్చి ఒక ఉత్తుత్తి ఊపు ఊపింది. వాళ్ళల్లో ఒకావిడ పక్కావిడ వైపు వంగి ఏదో చెప్పింది. ఏం చెప్పిందో ఎవరికీ తెలియదు. ఎండ గురించే కావచ్చు, టీ గురించే కావచ్చు. పిల్ల చూసింది. దాని చెవులు ఎర్రబడడం తాడు ఇవతల నుంచి తాతకి కనబడింది. మెల్లగా నిటారుగా నిలబడింది. పెదాలు కదలడం మొదలైంది.

కొట్టేటప్పుడు సగం దూరం మాస్టారి ఊపు, సగం దూరం కొడవలి. రెండూ నడిమధ్యలో ఒకదాన్నొకటి అడ్డుకున్నాయి. కర్ర నేలని తాకి, బంతి అంచుని గీకింది. బంతి లేవలేదు. గడ్డిలో దొర్లుకుంటూ పోయి, కేక వేస్తే వినబడేంత దగ్గర్లోనే ఆగిపోయింది. చిన్నపిల్లలు కూడా ఇలా కొట్టరు. తాత కళ్ళు మూసుకున్నాడు. మూసుకున్నా లాభం లేదు, తర్వాతి దెబ్బలన్నీ ఆయనకి చెవులతోనే తెలిసిపోతున్నాయి. ఒక్కొక్కటీ ఒక్కోరకంగా మోగింది. ఆట ముగిసేసరికి దాని పేరు పలక అడుగున ఎక్కడో ఉంది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ముగ్గురూ ఒకే సీట్లో ఇరుక్కుని కూర్చున్నారు. తండ్రి అన్నం డబ్బా తెరిచి ఇద్దరికీ పెట్టాడు. తాతకి ఎవరైనా తిడితే బాగుండుననిపించిందట. తిట్టేవాళ్ళు దొరక్క, ఇంటికొచ్చి అమ్మమ్మకి మొత్తం చెప్పాడు. ఆవిడ కూడా తిట్టలేదు. దెప్పడానికి మాట దొరకని రోజు అమ్మమ్మకి అదొక్కటే.

ఆ తర్వాత తాతకి ఇంకో సంగతి తెలిసింది. పళ్ళ డాక్టరుకి చూపిద్దామని మామూలుగా కర్ర ఎత్తాడు. ఒళ్ళు పక్కకి వాలింది. మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ కొడవలే. ఎంతో కష్టపడి నేర్చుకున్నది పోనంటోంది. జన్మంతా తనదనుకున్న ఊపు, శిష్యులందరికీ పంచిపెట్టిన ఊపు, కబురైనా చెప్పకుండా వెళ్ళిపోయింది. ఇది కొత్త పాఠమా మాస్టారూ, ఇదైతే నాకు ముందే వచ్చు అని డాక్టరు సరదాగా అన్నాడు. తాత కర్ర సామాన్ల గదిలో పెట్టేశాడు. ఆ రోజు నుంచి చూపించడం మానేసి, నోటితో మాత్రమే చెబుతున్నాడు. ఆ ఏడు ఆటల చివర వరస లేదని సెక్రటరీకి చెప్పాడు. అతిథులకి ఏం చూపించాలని సెక్రటరీ ఎగిరాడు. గడ్డి చూపించండి, బాగా కోశారు అన్నాడు తాత.

ఫ్యాక్టరీలో చేరే ముందు రోజు మధ్యాహ్నం ఆ పిల్ల ఇంటికొచ్చింది. కర్రల సంచి మైదానానిది, అప్పగించడానికి తెచ్చింది. అమ్మమ్మ కూర్చోమంటే అరుగు అంచున కూర్చుంది. పని ఎలా ఉంటుందని తాత అడిగాడు. తువ్వాళ్ళు మడతపెట్టడమేనంది. నిలబడి చెయ్యాలట. అన్నీ ఒకే కొలతలో మడవాలట, తేడా వస్తే వెనక్కి పంపేస్తారట. అలా చెబుతూ చేతులతో చూపించింది. ఆ చేతులు అప్పుడే కుదురుగా, తీరుగా కదులుతున్నాయి. తాత చూడలేక మొహం తిప్పుకున్నాడు.

వెళ్ళడానికి లేచి, చాలాసేపు చెప్పులు తొడుక్కుంటూ ఉండిపోయింది. చెల్లెలు కూడా గట్టు వెనక బంతులు కొడుతోందని చెప్పింది. దానిదీ అదోరకం దెబ్బేనట, తనలా కాదు, ఇంకా వంకరట. బంతి మాత్రం చక్కగా పోతోందట. నాన్న మీ దగ్గరికి తీసుకురమ్మన్నాడు అంది. అని, నేల చూస్తూ ఇంకో మాట అంది.

"దాన్ని చూడండి మాస్టారూ. చెప్పకండి. ఊరికే చూడండి చాలు."

వెంటనే సరే అనేస్తాడని అమ్మమ్మ అనుకుంది. ఆవిడకి ఆ మనిషి ఎన్నేళ్ళ నుంచో తెలుసు కదా, పిల్లలు దొరికితే వదలడు.

"తీసుకురావద్దమ్మా," అన్నాడు తాత. "చూస్తూ ఊరుకోవడం నాకు రాదు. ఒక ఏడాది ఊరుకుంటాను. తర్వాత ఎవడో ఏదో అంటాడు."

"మరి ఎవరి దగ్గరికి పంపను?"

"ఎవరి దగ్గరికీ పంపకు. కొట్టుకోనీ."

అది తల ఊపింది. ఇన్నాళ్ళూ తాత చెప్పిందానికల్లా ఊపినట్టే ఊపింది. వీధి మలుపు తిరిగేదాకా తాత గుమ్మంలో నిలబడ్డాడు. తర్వాత కర్రల సంచి ఎత్తుకున్నాడు. నడుం పట్టేసి, గడప దగ్గర ఒకసారి కింద పెట్టాల్సొచ్చింది. అమ్మమ్మ వచ్చి రెండో పక్క పట్టుకుంది. ఇద్దరూ కలిసి దాన్ని లోపలికి తెచ్చి, తలుపు వెనక నిలబెట్టారు.